సి.టి. స్కాన్: కదలవద్దని ఎందుకంటారు?

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు జాతీయ రహదారి వెంట కర్మాగారాలు ఉన్నవి. యంత్రం వద్దనో రహదారి మీదనో తలకు గట్టి దెబ్బ తగిలినవారికి డాక్టర్లు ముందుగా చేయించే పరీక్షలలో సి.టి. స్కాన్ ఒకటి. రోగిని బల్లపై పడుకోబెట్టి, గుండ్రని యంత్రం మధ్యకు జరిపి, "కదలవద్దు" అంటారు. రోగికి భయం కలగడం సహజం. కాని ఆ మాటకు కారణం ఈ యంత్రం పుట్టిన చరిత్రలోనే ఉన్నది.

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-కిరణాలు శరీరం గుండా పోయి నీడను చూపుతవి. అయితే ఆ నీడలో ముందున్నదీ వెనుకనున్నదీ కలిసిపోతుంది. మామూలు ఎక్స్-రేలో పుర్రె ఎముక కనబడుతుంది గాని, మెదడులో చేరిన రక్తం కనబడదు. అందుకు అనేక దిక్కుల నుండి చూడవలెను.

విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. నాలుగు గళ్ల చదరం గీసి, పై వరుసలో 2, 3. కింది వరుసలో 1, 6 వేయండి. అడ్డంగా కూడితే 5, 7. నిలువుగా కూడితే 3, 9 వస్తవి. గళ్లు మూసి ఈ మొత్తాలే చెప్పితే, మీ స్నేహితుడు పైన 1, 4. కింద 2, 5 అని పూరించవచ్చును. అదీ సరిపోతుంది. ఎడమ పైగడినీ కుడి కిందిగడినీ ఐమూలగా కూడితే 8 అని కూడ చెప్పండి; అప్పుడు మీ అంకెలొక్కటే నిలుస్తవి. యంత్రం చేసేది ఇటువంటిదే. అది చుట్టూ తిరుగుతూ ప్రతి దిక్కున కిరణం ఎంత తగ్గినదో కొలుస్తుంది. కంప్యూటరు గళ్లు పూరిస్తుంది. మధ్యలో రోగి కదిలితే గళ్లలోని అంకెలే మారినట్లు. మొత్తాలు పొసగవు, చిత్రం చెదురుతుంది.

ఈ గణితాన్ని దక్షిణాఫ్రికాలో పుట్టిన భౌతికశాస్త్రజ్ఞుడు కార్మాక్ 1963, 1964లలో ప్రకటించినాడు. అప్పుడు పట్టించుకున్నవారు తక్కువ. గ్రామఫోను రికార్డులకు పేరుపడిన ఇ.ఎం.ఐ. సంస్థలోని ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ వేరుగా యంత్రాన్ని నిర్మించినాడు. 1971 అక్టోబరు 1న లండనులోని ఒక ఆసుపత్రిలో మొదటి రోగికి పరీక్ష జరిగినది. ఆనాటి చిత్రంలో 80 వరుసలకు 80 చొప్పున 6,400 గళ్లు. ఆ ఏడాదే మన దేశపు శాస్త్రజ్ఞులు జి. ఎన్. రామచంద్రన్, ఎ. వి. లక్ష్మీనారాయణన్ గార్లు ఈ లెక్కను సులువుగా చేసే మార్గాన్ని ప్రకటించినారు. తరువాతి యంత్రాలలో అది విశేషంగా వ్యాపించినది. 1979లో కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్ లకు నోబెల్ బహుమతి లభించినది.

ఆనాడు ఒక్కొక్క కొలతకు నిమిషాలు పట్టేది; నేడు కొన్ని సెకన్లు చాలును. నొప్పి ఉండదు. యంత్రం తిరిగే చప్పుడు వినబడుతుంది. లోహపు నగలు, పిన్నులు చిత్రాన్ని చెరుపుతవి కనుక తీయిస్తారు. ఛాతీ, కడుపు పరీక్షలలో ఊపిరి బిగపట్టమంటారు. రక్తనాళాలు స్పష్టపడడానికి ఒక్కొక్కప్పుడు అయొడిన్ కలిగిన మందును సూదితో ఎక్కిస్తారు. అప్పుడు ఒళ్లు వెచ్చబడి, నోటికి లోహపు రుచి తగులుతుంది, అది కొద్దిసేపే. దురద గాని ఆయాసం గాని కలిగితే వెంటనే చెప్పవలెను. పూర్వం ఆ మందు పడకపోయినా, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నా, మధుమేహానికి మందులు వాడుతున్నా ముందే తెలుపవలెను. గర్భం ఉన్నదన్న అనుమానం కూడ దాచరాదు.

పరీక్ష ముగిసిన తరువాత ఎక్స్-కిరణాలు ఒంట్లో మిగలవు. తల స్కానులో అందే కిరణ మోతాదు సుమారు 2 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుండి మనకు ఏడాదిలో సగటున అందేది 2.4. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు ఈ స్వల్పమైన అపాయానికి జంకి పరీక్షను వాయిదా వేయడం ప్రాణం మీదికి తేవచ్చును. అవసరం లేకుండ మాటిమాటికి చేయించుకోవడమూ మంచిది కాదు. ఈ పరీక్షతో ఏమి తెలియవలసి ఉన్నదని డాక్టరును అడుగవచ్చును. పాత చిత్రాలు ఉంటే వెంట తీసుకొనిపోవలెను.