బార్‌బెల్ ఎత్తిన రన్నర్: పోర్ట్‌సీ ఇసుక దిబ్బల కథ

"పరిగెత్తేవాడికి వెయిట్స్ ఎందుకురా, ఒళ్లు బిగుసుకుపోతుంది" అని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 1950ల్లో చాలామంది కోచ్‌లదీ అదే మాట. ఆస్ట్రేలియాలో పెర్సీ సెరుటీ మాత్రం వినలేదు. నలభై దాటాక ఆరోగ్యం బాగా చెడితే, పరుగుతోనే కోలుకున్న మనిషి ఆయన.

విక్టోరియా రాష్ట్రంలో, పోర్ట్‌సీ సముద్రతీరంలో క్యాంప్ పెట్టి, కుర్రాళ్ల చేత బార్‌బెల్ ఎత్తించేవాడు, ఇసుక దిబ్బలు ఎక్కించేవాడు. ఆ ఇసుక సంగతి చూడండి. కాలు దిగబడిపోతుంది, అందుకని మోకాలు పైకి లేవాల్సిందే, చేతులు గట్టిగా ఊపాల్సిందే. పిక్కలు, తుంటి కండరాలు బాగా పనిచేస్తాయి, కానీ తారు రోడ్డు మీదలా మోకాళ్లకి అదురు తగలదు. ఫామ్ గురించి లెక్చర్ అక్కర్లేదు, దిబ్బే నేర్పుతుంది. (మొదటి వారం పిక్కలు ఏడుస్తాయి, అది వేరే విషయం.) గుర్రాల పరుగు చూసి నేర్చుకోమని కూడా అనేవాడట, అది నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది.

ఆయన శిష్యుడు హెర్బ్ ఇలియట్ 1960 రోమ్ ఒలింపిక్స్ 1500 మీటర్లలో 3 నిమిషాల 35.6 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. రెండోవాడు 2.8 సెకన్లు వెనక! అదంతా బార్‌బెల్ పుణ్యమే అని నేననను, మైళ్లకి మైళ్ల పరుగు కూడా ఉంది. అప్పటికి ఇలియట్ వయసు 22. పెద్దవాళ్ల పోటీల్లో 1500 మీటర్లు, మైలు పరుగుల్లో ఒక్కసారి కూడా ఓడకుండానే రిటైరయ్యాడు.