చెల్లని నోట్ల నగరం

ఫ్రాంక్లిన్ గిమ్సన్ హాంకాంగ్‌లో కాలు పెట్టింది 1941 డిసెంబర్ 7న. బ్రిటిష్ వలస ప్రభుత్వంలో గవర్నర్ తర్వాతి స్థానమైన కార్యదర్శి పదవి ఆయనది. మర్నాడు పొద్దున్నే జపాన్ విమానాలు కాయ్‌తాక్ విమానాశ్రయం మీద బాంబులు కురిపించాయి. మన విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడటానికి అప్పటికింకా నాలుగు నెలలుంది. క్రిస్మస్ నాటికి ఊరే జపాన్ వశమైంది. సామాను విప్పీ విప్పకముందే కొత్త కార్యదర్శి ఖైదీ అయ్యాడు.

ఆ క్రిస్మస్ సాయంత్రమే ఇంకో అధికారి తప్పించుకున్నాడు. పేరు డేవిడ్ మెక్‌డూగల్. చాన్ చాక్ అనే ఒంటికాలి చైనా అడ్మిరల్‌తో కలిసి లాంచీలో బయల్దేరితే ఒడ్డు నుంచి తుపాకులు పేలాయి. తూటా తిని, సముద్రంలో దూకి, ఈది, ఎలాగో బయటపడ్డాడు. తర్వాత లండన్ చేరి, తాను వదిలొచ్చిన ఊరిని మళ్ళీ నిలబెట్టే పథకం రాసే పనిలో కూర్చున్నాడు.

ఒకడు లోపల, ఒకడు బయట. మూడేళ్ళ ఎనిమిది నెలలు అలా గడిచాయి.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయిందని తెలియగానే గిమ్సన్ ఆదేశాల కోసం ఆగలేదు. తనతోపాటు స్టాన్లీ నిర్బంధ శిబిరంలో ఉన్న ప్రధాన న్యాయమూర్తి చేత ప్రమాణం చేయించుకుని, ఇకపై ప్రభుత్వం నాదేనన్నాడు. ఆయన వెనకున్నది తుపాకులు కావు, తిండిలేక చిక్కి శల్యమైన గుమాస్తాలు, ఇంజనీర్లు. లండన్ నుంచి రహస్య ఆదేశం మకావ్ మీదుగా చేతికి అందేసరికి ఆగస్టు 23. అందులో చెప్పిన పని అప్పటికే మొదలైపోయింది. తొందర ఎందుకంటే, హాంకాంగ్ తమకు రావాలని చైనా నాయకుడు చాంగ్ కై షేక్ కూడా పట్టుబట్టి ఉన్నాడు. ఖాళీ కుర్చీలో ముందు ఎవరు కూర్చుంటారన్నదే ప్రశ్న. ఆగస్టు 30న బ్రిటిష్ రియర్ అడ్మిరల్ హార్కోర్ట్ నౌకలతో రేవులోకి వచ్చేటప్పటికి కుర్చీ ఖాళీగా లేదు.

ఊరు మాత్రం ఖాళీ అయిపోయింది. యుద్ధానికి ముందు 16 లక్షల మంది. ఇప్పుడు 6 లక్షలు. తిండి పెట్టలేక జపాన్ వాళ్ళే లక్షల మందిని చైనాలోకి తరిమేశారు. మిగిలినవాళ్ళు వంటచెరకు కోసం కొండల మీది చెట్లు నరికి, దిక్కులేని ఇళ్ళ తలుపులు, నేలకు పరిచిన చెక్కలు కూడా పీకేశారు. సెప్టెంబర్ 7న మెక్‌డూగల్ చిన్న బృందంతో దిగి, హార్కోర్ట్ సైనిక పాలనలో పౌర వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు. అదృష్టం కొద్దీ, అంతకు మూడు రోజుల ముందే ఓ ఓడలో సుమారు 3,000 మంది వైమానిక దళ నిర్మాణ సిబ్బంది వచ్చారు. వాళ్ళు అసలు ఒకినావాలో రన్‌వేలు వేయాల్సినవాళ్ళు. యుద్ధం ముగిసింది కాబట్టి ఇక్కడ నీళ్ళు, కరెంటు లాంటి ఊరి పనులకు దించారు.

కరెంటు వచ్చింది సరే, కొనడానికి డబ్బేదీ? ఓ కిరాణా వ్యాపారిని ఊహించుకోండి. ఆక్రమణ రోజుల్లో తన హాంకాంగ్ డాలర్లను, నాలుగింటికి ఒక యెన్ చొప్పున, జపాన్ సైనిక యెన్‌లోకి మార్చుకున్నాడు. మార్చుకోక గత్యంతరం లేదు. 1943 జూన్ నుంచి డాలర్ దగ్గరుంటేనే నేరం. ఇప్పుడు డాలరే మళ్ళీ రాజు, యెన్ చెల్లదన్నారు. పెట్టె నిండా నోట్లు, పొయ్యి మీదికి గింజ లేదు.

మెక్‌డూగల్ మొదట బియ్యం, ఇంధనం లాంటివి ప్రభుత్వం చేతిలోనే ఉంచుకున్నాడు. కానీ వ్యాపారం మీద పుట్టిన రేవుకు అంకుశం ఎక్కువకాలం పనికిరాదని త్వరగానే గ్రహించాడు. నవంబర్ 23న ప్రైవేటు వ్యాపారానికి తలుపులు తెరిచాడు. చుట్టుపక్కల ఆక్రమణ నుంచి బయటపడ్డ దేశాలు ఇంకా పర్మిట్ల గొడవలో ఉండగానే ఇక్కడ సరుకు కదిలింది. వెళ్ళగొట్టబడ్డవాళ్ళు నెలకు లక్ష చొప్పున తిరిగొచ్చారు.

నాకు అంతకన్నా నచ్చిన కథ చేపలది. స్టాన్లీ శిబిరంలోనే బందీగా ఉండి బయటికొచ్చిన జెఫ్రీ హెర్క్‌లాట్స్ అనే జీవశాస్త్రవేత్త దాన్ని నడిపించాడు. పక్షుల మీద పుస్తకాలు రాసుకునే మనిషి. అక్కడి మత్స్యకారుల్ని పట్టి పీడించింది తుఫాను ఒక్కటే కాదు, టోకు దళారి కూడా. మన కోస్తాలో షావుకారు వలకు, పడవకు అప్పిచ్చి, పట్టిన చేపంతా తాను చెప్పిన ధరకే తీసుకోవడం మనం ఎరుగుదుం కదా, అచ్చం అదే. ప్రభుత్వం మధ్యలో దూరి చేపల మార్కెటింగ్ సంస్థ పెట్టింది. బహిరంగ వేలం, కొంచెం కమీషన్, చేతికి రొక్కం. తర్వాత తక్కువ వడ్డీ అప్పులు, జాలరి పిల్లలకు బళ్ళు కూడా అందులోంచే పుట్టాయి. మరుసటి ఏడు కూరగాయలకూ అదే పద్ధతి. ఇటు బజారుకు తలుపులు బార్లా తెరిచి, అటు చేపల రేవులో తానే తక్కెడ పట్టుకున్న ప్రభుత్వం ఇది. సిద్ధాంతాలవాళ్ళకు మింగుడు పడకపోవచ్చు.

ఇంకో రకం నోట్లు మిగిలాయి. ఆక్రమణలో హాంకాంగ్ షాంఘై బ్యాంకు అధికారుల్ని నిర్బంధించి, ఖజానాలో విడుదల కాకుండా ఉన్న దాదాపు 12 కోట్ల డాలర్ల నోట్ల మీద బలవంతంగా సంతకాలు పెట్టించారు. ఆ బ్యాంకు పెద్ద గ్రేబర్న్ 1943లో స్టాన్లీ జైల్లోనే ప్రాణం వదిలాడు. ఆ నోట్లు చెల్లుతాయా లేదా అని నెలల తరబడి నానింది. ఈలోగా అవసరం ఉన్నవాడు తక్కువకు అమ్ముకున్నాడు, ఓపిక ఉన్నవాడు కొని దాచాడు. 1946 ఏప్రిల్‌లో బ్యాంకూ ప్రభుత్వమూ భారం పంచుకుని ప్రతి నోటూ పూర్తి విలువకు చెల్లుతుందని ప్రకటించాయి. బ్యాంకు పరపతి ఆకాశానికెక్కింది, దాచుకున్నవాళ్ళు గడించారు. తెగనమ్ముకున్న బీదాబిక్కీకి ఏమీ రాలేదు. తెలివైన నిర్ణయమే, కాదనను. అయితే బ్యాంకు సంతకం ఉన్న కాగితానికి దొరికిన దయలో రవ్వంతైనా సైనిక యెన్‌కు దొరకలేదు. రెంటినీ జనం చేతిలో పెట్టింది ఒకే తుపాకీ.

1946 మే 1న పాత గవర్నర్ మార్క్ యంగ్, తానూ జపాన్ చెరలోంచి బయటపడ్డవాడే, తిరిగొచ్చి సైనిక పాలనకు తెర దించాడు. ఆ ఏడే, చైనీయులు పీక్ కొండ మీద కాపురం ఉండకూడదన్న పాత చట్టాన్నీ రద్దు చేశారు.

యెన్ దాచుకున్న కుటుంబాలు సంఘం కట్టి, చివరికి 1993లో టోక్యో కోర్టు మెట్లెక్కాయి. 1999లో తీర్పొచ్చింది. వాళ్ళు నష్టపోయిన మాట నిజమేనంది కోర్టు. పరిహారం ఇప్పించడానికి మాత్రం చట్టం లేదంది.