రుచి చెప్పే హక్కు ఎవరిది?

షేక్‌స్పియర్ తండ్రి జాన్ షేక్‌స్పియర్ తోలు చేతితొడుగులు కుట్టేవాడని ఆంగ్ల సాహిత్యం చదువుకున్న వాళ్ళకి తెలుసు. 1556లో స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం అతన్ని ఏల్ రుచి చూసే అధికారిగా నియమించిన సంగతి మాత్రం మన క్లాసు పాఠాల్లో కనిపించదు. ఏల్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నీళ్ళలో కాచి, పులియబెట్టి చేసే పానీయం. నేటి బీరుకి పెద్దక్క. ఎవరు ఏల్ కాచి అమ్మకానికి పెట్టినా ఆ అధికారి వచ్చి రుచి చూడాలి. నాణ్యత, కొలత, ధర చట్టం ప్రకారం ఉన్నాయో లేదో తేల్చాలి. లేకపోతే జరిమానా.

13వ శతాబ్దంలో ఇంగ్లండులో ఈ చట్టం స్థిరపడిన నాటికి పల్లెల్లో ఏల్ కాచేది ఎక్కువగా ఆడవాళ్ళు. రుచి చూసి తీర్పు చెప్పే ఉద్యోగం దాదాపు ఎప్పుడూ మగవాళ్ళది. ఈ విభజన మనకి మాత్రం కొత్తా? పొయ్యి ముందు నిలబడి పులుసు మరుగుతున్న వాసనని బట్టే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పగలిగేది ఒకరు. విస్తరి ముందు కూర్చుని ‘ఉప్పు తగ్గింది’ అని తేల్చేది ఇంకొకరు. మొదటిదాన్ని అలవాటు అంటాం. రెండోదాన్ని రుచి తెలియడం అంటాం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేస్తున్న రోజుల్లో నేను బీరు చరిత్రలోకి అనుకోకుండా అడుగుపెట్టాను. ఇంగ్లీషులో మనకి దొరికిన తొలి ఆత్మకథగా చెప్పుకునేది 15వ శతాబ్దపు మార్జరీ కెంప్ పుస్తకం. ఆమె చెప్పగా వేరొకరు రాశారు. దాని రాతప్రతి 1934లో గానీ వెలుగులోకి రాలేదు. భక్తురాలి ఆధ్యాత్మిక యాత్రగా ఆ పుస్తకాన్ని అందరూ చదువుతారు. అందులో ఆమె మూడు నాలుగేళ్ళు లిన్ పట్టణంలో పేరున్న ఏల్ వ్యాపారస్తురాలు. చివరికి చాలా డబ్బు పోగొట్టుకుంది. పైన చక్కగా కట్టిన నురుగు ఉన్నట్టుండి కూలిపోయేదని, చేసిందంతా పాడయ్యేదని, పనివాళ్ళు సిగ్గుపడి మానేశారని చెబుతుంది. తన గర్వానికి దేవుడు వేసిన శిక్షగా దాన్ని అర్థం చేసుకుంటుంది. వంటింట్లో పాలు విరిగినా పెరుగు తోడుకోకపోయినా తప్పు తనలో వెతుక్కునే స్త్రీ గొంతు ఆ వాక్యాల్లో నాకు వినిపించింది.

అక్కడి నుంచి జుడిత్ బెనెట్ పుస్తకానికి వెళ్ళాను. 1300 నుంచి 1600 వరకు ఇంగ్లండులో ఏల్ కాచిన స్త్రీల గురించి ఆమె 1996లో రాసిన గ్రంథం అది. ఆ స్త్రీలు దస్తావేజుల్లో మిగలడానికి ముఖ్య కారణం జరిమానాలు. అవి కూడా కొన్నిచోట్ల భర్తల పేర్ల మీదే ఉన్నాయి. భార్య కాచి అమ్మితే పుస్తకంలోకి ఎక్కింది ఇంటి యజమాని పేరు. ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివిన మనకి ఈ రకం మౌనాన్ని ఎలా చదవాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంగ్లీషు భాష కూడా ఒక సాక్ష్యం. మగవాడు బ్రూయర్ అయితే ఆడది బ్రూస్టర్. ఇలాంటి మాటలే నేత నేసే వెబ్‌స్టర్, రొట్టెలు కాల్చే బాక్స్‌టర్. ఈ మూడూ చివరికి ఇంటిపేర్లుగా మిగిలాయి. నూలు వడికే స్పిన్‌స్టర్ మాత్రం ఆడవాళ్ళ మాటగానే నిలిచింది, ‘పెళ్ళికాని ముదురు కన్య’ అనే వెక్కిరింతగా. పనులు పోయాయి, వెక్కిరింత మిగిలింది.

ఆ పని ఎలా పోయింది? ఏల్ కొద్ది రోజుల్లోనే పులిసి పాడయ్యేది. దూరం పంపడం కుదరదు. అందుకే ఈ వారం ఒక ఇల్లు, వచ్చే వారం ఇంకో ఇల్లు కాచి, ఇంటికి ఉంచుకుని మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవాళ్ళు. పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పిల్లల్ని చూసుకుంటూ చేయగలిగిన పని. తర్వాత ఐరోపా ప్రధాన భూభాగం నుంచి హాప్స్ పూలు వేసిన బీరు వచ్చింది. హాప్స్ చేదునిస్తాయి, పానీయాన్ని ఎక్కువ కాలం నిలవ ఉంచుతాయి. నిలవ ఉండేదాన్ని పెద్ద ఎత్తున కాచవచ్చు, ఓడల్లో పంపవచ్చు, సైన్యానికి అమ్మవచ్చు. అందుకు పెద్ద గంగాళాలు, అప్పు, కూలీలు, వ్యాపార సంఘంలో చోటు కావాలి. పెళ్ళైన స్త్రీ తన పేరున ఒప్పందం చేసుకోవడమే కష్టమైన చోట ఇవన్నీ ఎవరి చేతికి అందుతాయి? ఒక్కరోజులో ఎవరూ ఆమెని గెంటలేదు. లాభం పెరిగిన కొద్దీ పని చేతులు మారిందని బెనెట్ వాదన.

ఆ మార్పుకి సాహిత్యం చేసిన సాయం తక్కువది కాదు. చెస్టర్ పట్టణపు మత నాటకాల్లో క్రీస్తు నరకంలో ఉన్నవాళ్ళని విడిపించి తీసుకుపోయాక ఏల్ అమ్మే స్త్రీ అక్కడే మిగిలిపోతుంది. ఆమె పాపం కల్తీ, తప్పుడు కొలత. 1517 ప్రాంతంలో జాన్ స్కెల్టన్ రాసిన ఎలినార్ రమ్మింగ్ కావ్యంలో ఆ స్త్రీ ముసలిది, కురూపి. ఆమె కోళ్ళు ఏల్ గంగాళం మీదే రెట్టలు వేస్తాయి. కల్తీ చేసే మగ వ్యాపారుల్ని కూడా తిట్టిన రచనలున్నాయి. కానీ ఒళ్ళంతా అసహ్యంగా మార్చి చూపించింది స్త్రీనే. మంత్రగత్తెల కోసు టోపీ ఈ ఏల్ స్త్రీల నుంచే వచ్చిందనే కథ ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి గట్టి ఆధారం లేదు. మన వాదానికి దాని అవసరమూ లేదు.

ఇక 20వ శతాబ్దానికి వద్దాం. బీరు పూర్తిగా కర్మాగారాల సరుకయ్యాక ఇంట్లో కాచుకోవడం అనుమతి లేనిదే చేయకూడని పనైంది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు నిబంధన 1963లో పోయింది. అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిసినా ఇంటి బీరుకి చట్టంలో చోటు దక్కలేదు. ఇంటి ద్రాక్షసారాకి ఉన్న పన్ను మినహాయింపు కూడా ‘కుటుంబ పెద్ద’కే. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో వయోజనులెవరైనా ఏడాదికి 100 గ్యాలన్ల బీరు, ఇంట్లో ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువ మంది పెద్దవాళ్ళుంటే 200 గ్యాలన్లు, పన్ను లేకుండా కాచుకోవచ్చు. ‘కుటుంబ పెద్ద’ స్థానంలో ‘వయోజనులు’ వచ్చారు. చట్టం దృష్టిలో బీరు మళ్ళీ వంటింటికి వచ్చింది. వంటింటి మనిషి వచ్చిందా?

కొన్నేళ్ళ క్రితం ఒక ఫెలోషిప్ మీద అమెరికాలో ఉన్నప్పుడు ఇలా ఇంట్లో బీరు కాచే వాళ్ళ కూటమికి వెళ్ళాను. పన్నెండు మందిలో నాతో కలిపి ఇద్దరం ఆడవాళ్ళం. ఆ రోజు వాళ్ళు రుచి చూస్తున్నది తాము కాచింది కాదు, చిన్న చిన్న కంపెనీలు తయారుచేసి అమ్మే క్రాఫ్ట్ బీర్లు. సీసాలకి కాగితపు సంచులు తొడిగి అంకెలు వేశారు. కొన్న బీరుని ఎందుకు పరీక్షించడం అంటే, కొలబద్ద కోసం. 1985లో ఏర్పడిన బీరు న్యాయనిర్ణేతల శిక్షణ సంస్థ ఒక్కో రకం బీరు ఎలా ఉండాలో రాసిపెట్టి, ఉదాహరణగా దొరికే కంపెనీ బీర్ల పేర్లు ఇస్తుంది. అమెరికన్ పేల్ ఏల్ అంటే సియెర్రా నెవాడా పేల్ ఏల్‌ని తాగి చూడాలన్నమాట. మార్కుల పత్రంలో మొత్తం 50: వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. దోషాలకీ పేర్లున్నాయి. వెన్న వాసన వస్తే ఒకటి, ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మరొకటి, పచ్చి యాపిల్ వాసన వస్తే ఇంకొకటి. ఆ శ్రద్ధ నాకు నిజంగా నచ్చింది. ఆవకాయ జాడీ మూత తీసి ఒక గుక్కెడు వాసన గురించి పావుగంట మాట్లాడుకున్న సభని నేను ఇంతవరకూ చూడలేదు.

కానీ నేను ఏదీ రుచి చూడకముందే ఒకాయన పళ్ళరసం కలిపిన తీపి బీరు నా గ్లాసులో పోస్తూ, తేలిగ్గా ఉంటుంది, మీకు నచ్చుతుందన్నాడు. తర్వాత గోధుమతో చేసిన జర్మన్ పద్ధతి బీరు వచ్చింది. ఏం వాసన వస్తోందని అడిగితే, లవంగం, బాగా మగ్గిన అరటిపండు అన్నాను. పుస్తకంలో ఉన్నదీ అదే. ఆ రకం ఈస్టు పుట్టించే వాసనలవి. ‘మీకు శిక్షణ ఉందా?’ అని ఆశ్చర్యపోయారు. ఉంది. మసాలా వేయించేటప్పుడు మాడక ముందు క్షణాన్ని ముక్కుతో పట్టుకునే శిక్షణ మనలో ఎందరికో చిన్నప్పటి నుంచే ఉంది. దానికి పత్రం లేదు, మార్కులు లేవు, అంతే.

అదే పని ఆడది రోజూ చేస్తే చాకిరీ, మగవాడు శనివారం థర్మామీటరు పెట్టుకుని చేస్తే అభిరుచి. ఇక్కడ పని విలువని నిర్ణయించేది తీరిక. ఆ తీరిక ఎవరి శ్రమ మీద దొరుకుతోందన్న ప్రశ్న బీరు పుస్తకాల్లో అరుదు. ఆహారాన్ని ఇంద్రియాలతో పరీక్షించే శాస్త్రానికి పునాది గ్రంథాల్లో ఒకటి 1965లో వచ్చింది. దాని ముగ్గురు రచయితల్లో రోజ్ మేరీ పాంగ్‌బోర్న్ ఒకరు. రుచి చూసే బల్లల దగ్గర ఆ పేరు ఎంతమందికి తెలుసు?

మరపు ఎలా పనిచేస్తుందో ఇంకో ఉదాహరణ. అమెరికా క్రాఫ్ట్ బీరు కథ తరచూ 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో మొదలైన న్యూ ఆల్బియన్‌తో ప్రారంభమవుతుంది. హీరో జాక్ మెకాలిఫ్. ఆ బ్రూవరీని అతనితో కలిసి మొదలుపెట్టిన వాళ్ళు ఇద్దరు స్త్రీలు, సూజీ స్టర్న్, జేన్ జిమ్మర్‌మన్. 1982లో అది మూతపడింది. ఈ ఇద్దరి పేర్లు చాలాకాలం పాదసూచికల్లోనే ఉన్నాయి. మరోవైపు, 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ సుమేరియన్ల బీరు దేవత నింకాసి స్తోత్రం ఆధారంగా ఒక బీరు తయారుచేస్తే అందరూ మురిసిపోయారు. ఆ యాంకర్ కూడా 2023లో మూతపడింది. దేవతని పూజించి పక్కన పనిచేసిన మనిషిని మరిచిపోవడం మనకి తెలియని విద్యేమీ కాదు.

ఇక్కడ మీలో చాలామంది అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపిన ఆడవాళ్ళ నేల మీద కూర్చుని బీరు రుచుల గురించి రాయడమేమిటని. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు మన కళ్ళ ముందు నడిచిన చరిత్ర. ఆ ఉద్యమాన్ని నేను ఈ వ్యాసానికి అడ్డంకిగా చూడను. ఆ స్త్రీలు పోరాడింది కూలి డబ్బుని ఇల్లు చేరకుండా లాక్కునే వ్యాపారంతో, దాని ఆదాయం మీద బతికే ప్రభుత్వంతో. ఇంగ్లండు చరిత్ర కూడా అదే చెబుతుంది. మద్యం పెద్ద వ్యాపారమైనప్పుడు ఆడవాళ్ళ చేతి నుంచి పోయింది సంపాదన. మిగిలింది తాగి వచ్చిన మగవాడిని భరించే పని. కాచిన స్త్రీ చరిత్ర, కాల్చుకుతిన్న మద్యం మీద తిరగబడ్డ స్త్రీ చరిత్ర విడివిడి పుస్తకాలు కావు.

మార్పు అసలు లేదని చెప్పను. 2007లో టెరీ ఫారెన్‌డార్ఫ్ బీరు పరిశ్రమలో పనిచేసే స్త్రీల కోసం పింక్ బూట్స్ సొసైటీ ప్రారంభించింది. 2021 మేలో బ్రియెన్ అలెన్ అనే బ్రూవరీ ఉద్యోగిని, పనిచోట వివక్ష ఎదురైందా అని సామాజిక మాధ్యమంలో తోటి స్త్రీలని ఒక ప్రశ్న అడిగితే వేధింపుల అనుభవాలు వేలల్లో వచ్చాయి. బల్ల దగ్గర చోటు దొరికినా ఆ చోటు ఎలాంటిదో అవి చెప్పాయి.

నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది 2013. అమెరికా జాతీయ ఇంటి బీరు పోటీలో ఆ ఏడాది అత్యున్నత బహుమతి ఆనీ జాన్సన్ అనే నల్లజాతి స్త్రీకి వచ్చింది. 1983లో నాన్సీ విన్‌యార్డ్ తర్వాత ఆ బహుమతి ఒక స్త్రీకి రావడానికి 30 ఏళ్ళు పట్టింది. ఆమె గెలిచింది క్రాఫ్ట్ అభిమానులు చప్పిడి అని చిన్నచూపు చూసే తేలికపాటి అమెరికన్ లాగర్‌తో. కాచడం చాలా కష్టమైన రకాల్లో అదొకటి. దోషం దాచుకోవడానికి అందులో చేదూ ఉండదు, ఘాటూ ఉండదు. న్యాయనిర్ణేతల ముందుకి వచ్చింది పేరు లేని గ్లాసు. ఏ మనిషి కాచిందో చెప్పకపోతేనే ఆ రుచికి న్యాయం జరిగింది. మారుపేర్లతో, పేరే లేకుండా రాసి చదివించుకున్న మన పూర్వ రచయిత్రులకి ఆ గ్లాసు సంగతి తేలిగ్గా అర్థమై ఉండేది. పేరు చెప్పి కూడా అదే మార్కులు తెచ్చుకునే రోజు గురించి మాత్రం మనమే పనిచేయాలి. జరిమానాల పుస్తకంలో భర్త పేరు వెనక ఉండిపోయిన ఆ పల్లె స్త్రీల బాకీ కూడా అందులోనే కలిసి ఉంది.