ట్రెంట్ పార్క్‌లో పిచ్చాపాటి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు చిక్కిన జర్మన్ వైమానికులు తమలో తాము చెప్పుకున్న కబుర్లు వేల పేజీల్లో మిగిలి ఉన్నాయి. సైనికుల ఉత్తరాల్లో సెన్సారు భయం ఉంటుంది. యుద్ధం ముగిశాక రాసుకున్న జ్ఞాపకాల్లో ఎంతో కొంత సర్దుబాటు ఉంటుంది. ఈ పేజీలకు ఆ రెండూ అంటలేదు. పక్క మంచం మీది తోటి ఖైదీ తప్ప మరెవరూ వినడం లేదన్న ధీమాతో అన్న మాటలివి. ఫలానా ఇంజన్ ఎందుకు అంటుకుంటుంది, ఇంగ్లండ్ ఎప్పుడు లొంగుతుంది, తమ వైమానికదళ అధినేత గోరింగ్‌కు అసలేమైనా తెలుసా అన్న ధోరణిలో సాగుతాయి.

ఖైదీల మాటలు చాటుగా వినే ఏర్పాటు 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలైన రోజుల్లోనే, టవర్ ఆఫ్ లండన్‌లో ప్రారంభమైంది. ఆ డిసెంబరులో దాన్ని ఉత్తర లండన్ శివార్లలో కాక్‌ఫాస్టర్స్ దగ్గరున్న ట్రెంట్ పార్క్ భవనానికి మార్చారు. ఆ భవనం యజమాని సర్ ఫిలిప్ ససూన్ అదే ఏడాది జూన్‌లో చనిపోయాడు. ఆయన ముత్తాత డేవిడ్ ససూన్ బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి స్థిరపడ్డ యూదు వర్తకుడు. ముంబయిలోని ససూన్ డాక్‌ది ఆ కుటుంబం పేరే. ఫిలిప్ ససూన్ బ్రిటిష్ వైమానిక శాఖకు రెండు విడతలు ఉపమంత్రిగా పనిచేశాడు. అలాంటి మనిషి ఇంట్లో హిట్లర్ వైమానికులను కూర్చోబెట్టి వాళ్ల మాటలు వినడం చరిత్ర చేసిన కొంటెపనుల్లో ఒకటి. మూడు సైనిక దళాలకూ ఉమ్మడిగా పనిచేసిన ఈ విచారణ కేంద్రానికి అధిపతి థామస్ కెండ్రిక్. యుద్ధానికి ముందు ఆయన వియన్నాలో పాస్‌పోర్టు అధికారి ముసుగులో బ్రిటిష్ గూఢచారి విభాగానికి పనిచేశాడు. వైమానికుల విచారణను డెనిస్ ఫెల్కిన్ అనే వైమానికదళ అధికారి చూసేవాడు.

మొదటి సంవత్సరాల్లో అక్కడికి వచ్చిన ఖైదీల్లో ఎక్కువమంది వైమానికులు, జలాంతర్గాముల్లో పనిచేసినవాళ్లు. 1940 వేసవిలో ఫ్రాన్స్ ఓడిపోయాక జర్మనీతో బ్రిటన్ యుద్ధం చాలాకాలం ఎక్కువగా గాలిలోనూ నీటిమీదా నడిచింది మరి. ఇంగ్లండ్ నేల మీద అడుగుపెట్టిన జర్మన్ సైనికుడంటే, దాదాపుగా పారాచూట్‌తో దిగినవాడో, కూలిన విమానంలోంచి బయటపడ్డవాడో అయ్యుండాలి.

ఖైదీల గదుల్లో దీపాల అమరికలో, పొయ్యిగూటిలో మైకులు దాచారు. వాటి తీగలు వేరే గదిలోకి వెళ్లేవి. అక్కడ జర్మన్ బాగా వచ్చినవాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వంతులవారీగా కూర్చునేవారు. పనికొచ్చే మాట చెవినపడగానే మీట నొక్కి డిస్కు మీద రికార్డు చేసేవారు. తర్వాత దాన్ని విని జర్మన్‌లో రాసి, పక్కనే ఇంగ్లిష్ అనువాదం చేర్చేవారు. యుద్ధం మధ్యకు వచ్చేసరికి ఈ పనికి బ్రిటిష్ వాళ్లు చాలక, నాజీల నుంచి పారిపోయి వచ్చిన జర్మన్, ఆస్ట్రియన్ యూదులను తీసుకున్నారు. బెర్లిన్ యాస, బవేరియా యాస, సైనికుల పరిభాష పట్టుకోవాలంటే ఆ భాషలో పుట్టి పెరిగినవాడు ఉండాల్సిందే.

మాట్లాడించడం ఒక విద్య. విమానం వాడిని జలాంతర్గామి వాడితో కలిపి ఒకే గదిలో పెట్టేవారు. ఒకరి పని ఇంకొకరికి తెలియదు కాబట్టి ప్రశ్నలు వాటంతటవే వచ్చేవి, జవాబు చెప్పేవాడికి గొప్పగానూ ఉండేది. కొన్ని గదుల్లో ఖైదీ వేషంలో తమ మనిషినే పెట్టేవారు. అధికారికంగా జరిగే విచారణ చాలావరకు కబుర్లకు తెర లేపే తంతు. విచారణ గదిలో నోరు విప్పని పైలట్, తన గదికి తిరిగి వచ్చి, వాళ్లు ఏమేం అడిగారో, తాను ఏమేం దాచాడో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. దాచిన విషయం అలా బయటపడేది.

ఇందుకు అందరూ చెప్పే ఉదాహరణ 1940 నాటి రేడియో కిరణాల కథ. జర్మన్ బాంబర్లు రాత్రిపూట గురి తప్పకుండా ఎలా వస్తాయన్నది బ్రిటిష్ వైమానిక శాఖకు అప్పటికి అంతుపట్టలేదు. మార్చిలో ఒక ఖైదీ మాటల్లో ‘ఎక్స్-గెరేట్’ అనే పరికరం పేరు దొర్లింది. కూలిన హైంకెల్ విమానంలో దొరికిన ఒక కాగితం మీద ‘క్నికెబైన్’ అనే మాట కనిపించింది. ఆ తర్వాత ఒక ఖైదీ విచారణ నుంచి గదికి వచ్చి, వీళ్లు ఎంత వెతికినా ఆ పరికరాన్ని కనిపెట్టలేరని తోటివాడితో అని మురిసిపోయాడు. శాస్త్ర నిఘా అధికారి ఆర్.వి. జోన్స్‌కు అప్పుడు 28 ఏళ్లు. వెతికినా కనిపించదంటే కళ్లెదుటే ఉందన్నమాట అని ఆయన తీసుకున్నాడు. పొగమంచులో దిగడానికి ప్రతి హైంకెల్‌లోనూ ఉండే రేడియో రిసీవర్‌ను పరీక్షించిన ఇంజనీరును అడిగితే, దిగడానికి అవసరమైన దానికంటే దాని గ్రహణశక్తి చాలా ఎక్కువని జవాబొచ్చింది. బాంబర్లను లక్ష్యం దాకా నడిపించే రేడియో కిరణాన్ని ఆ రిసీవరే పట్టుకుంటోందని జూన్ 21న జోన్స్ చర్చిల్ ముందు చెప్పాడు. ఆ రాత్రే బయల్దేరిన ఒక ఆన్సన్ విమానం ఆకాశంలో ఆ కిరణాన్ని పట్టుకుంది. రెండు కిరణాలు డెర్బీ దగ్గర కలుస్తున్నాయి. బ్రిటిష్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలకు ఇంజన్లు చేసే రోల్స్‌రాయిస్ కర్మాగారం ఉన్న ఊరది. బ్రిటిష్ వాళ్లు ఆ కిరణాలకు ‘తలనొప్పి’ అని, వాటిని చెడగొట్టే ట్రాన్స్‌మిటర్లకు ‘ఆస్పిరిన్’ అని రహస్య నామాలు పెట్టుకున్నారు.

అయితే ఆ మాటల్లో తాలు ఏది, గింజ ఏది అని చెరగడం అంత తేలిక కాదు. 1940 నవంబరు 9న కూలిన విమానంలోంచి చిక్కిన ఒక వైమానికుడు తన గదిలోని వాడితో వరసగా కొన్ని సంగతులు చెప్పాడు. లండన్‌లో అల్లర్లు రేగాయట. జనం బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద పడ్డారట. ఇదే అదననుకుని గోరింగ్ 15 నుంచి 20వ తేదీల మధ్య, పున్నమి వెన్నెల్లో, కొవెంట్రీ మీదా బర్మింగ్‌హామ్ మీదా పెద్ద దాడి చేయించబోతున్నాడట. మొదటి రెండూ శుద్ధ అబద్ధాలు. లండన్‌లో తిరుగుబాటూ లేదు, రాజభవనం మీదికి జనం పోనూ లేదు. ఆ వైమానికుడు తన దేశపు ప్రచారాన్నే వార్తగా మింగాడు. మూడోది మాత్రం ఇంచుమించు నిజం. నివేదిక 12వ తేదీన పై అధికారులకు చేరింది. కానీ వాళ్ల అంచనా దక్షిణ ఇంగ్లండ్ వైపు మొగ్గింది. రాజభవనం గురించి అంత వెర్రిగా మాట్లాడినవాడి మాటకు విలువ తగ్గడంలో వింత లేదు. 14వ తేదీ రాత్రి సుమారు 450 బాంబర్లు కొవెంట్రీ మీద విరుచుకుపడ్డాయి. మధ్యయుగపు కెథడ్రల్ కాలిపోయింది, 500 మందికి పైగా చనిపోయారు.

రాజకీయంలో పసివాడు, యంత్రంలో పండితుడు: ఈ మనిషి ఆ పేజీల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. వైమానికుల సంభాషణల్లో ఎక్కువ భాగం యంత్రాలదే. వేగం, ఎత్తు, ఎక్కడానికి పట్టే సమయం, తుపాకుల లెక్క, మెసర్‌ష్మిట్ మేలా స్పిట్‌ఫైర్ మేలా అన్న వాదం. హైవే మీద టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్లు గేర్‌బాక్సుల గురించి మాట్లాడుకుంటారే, సరిగ్గా ఆ ఉత్సాహం. హైంకెల్ 177 బాంబర్ గురించి వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం ఉండేది కాదు. అందులో రెండు ఇంజన్లను జోడించి ఒకే ప్రొపెల్లర్‌ను తిప్పించారు. ఆ జంట ఇంజన్లు వేడెక్కి అంటుకునేవి. ప్రొపెల్లర్ లేకుండా ఎగిరే జెట్ విమానం గురించిన ఊహలు, ఆ మెసర్‌ష్మిట్ 262 యుద్ధంలోకి దిగకముందే గదుల్లో చెలామణి అయ్యాయి. ఓటమి దగ్గరపడేకొద్దీ ఈ యంత్రచర్చే రాజకీయ విశ్వాసంగా మారింది. కొత్త విమానం వస్తుంది, రాకెట్ వస్తుంది, అప్పుడు చూడండి అనేవాళ్లు. సిద్ధాంతం మీద నమ్మకం కంటే ఇంజనీర్ల మీద నమ్మకమే చాలామందిని చివరిదాకా నిలబెట్టిందనిపిస్తుంది.

రాజకీయాల గురించి లోతైన చర్చ అరుదు. నాజీ సిద్ధాంతాన్ని తర్కించినవాళ్లూ తక్కువే, తప్పుపట్టినవాళ్లూ తక్కువే. మాటలన్నీ మనుషుల చుట్టూ తిరిగేవి. హిట్లర్ మీద గురి చాలాకాలం చెక్కుచెదరలేదు. తప్పులన్నీ చుట్టూ ఉన్నవాళ్ల ఖాతాలోకి పోయేవి. రాజు మంచివాడే, మంత్రులే చెడ్డవాళ్లు అనుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. వైమానికుల తిట్లలో సింహభాగం తమ అధినేత గోరింగ్‌దే. శత్రు విమానం జర్మనీ మీదికి వస్తే నా పేరు మార్చి మైయర్ అని పిలవండి అని ఆయన బీరాలు పలికాడన్న కథ అప్పటికే దేశమంతటా వేళాకోళమైంది. జర్మన్ నగరాలు కాలిపోతున్నకొద్దీ ఆ పేరు మరింత నవ్వులపాలైంది.

అదే తేలిక ధోరణిలో చెప్పిన మరికొన్ని మాటలున్నాయి. 1940 ఏప్రిల్ చివర ఒక వైమానికుడు పోలండ్ మీద దాడి నాటి సంగతి చెప్పాడు. మొదట్లో తన బాంబులు ఇళ్ల మీద పడినప్పుడు బాధ కలిగిందట, మర్నాటికి పట్టించుకోలేదట, ఆ పైరోజుకు సరదా పుట్టిందట. వినేవాడు ఉలిక్కిపడినట్టు ఆ నివేదికల్లో సాధారణంగా కనిపించదు. ఇంజన్ గురించి మాట్లాడిన గొంతుతోనే చంపడం గురించీ మాట్లాడుకున్నారు. యూదుల సామూహిక హత్యల ప్రస్తావనలు కూడా హెడ్‌ఫోన్లలో వినిపించాయి; వింటున్నవాళ్లలో కొందరి తల్లిదండ్రులు, బంధువులు అప్పటికి అదే జర్మన్ ఏలుబడిలో చిక్కుకుని ఉన్నారు.

గోడలకు చెవులుంటాయన్న హెచ్చరిక జర్మన్ సైన్యంలోనూ ఉంది. పట్టుబడితే మైకుల విషయంలో జాగ్రత్త అని ఆదేశాలు వెళ్లాయి. కొందరు ఖైదీలు మైకులు ఉంటాయేమో అని అనుకుని, ఆ వెంటనే రహస్యాల్లోకి దిగిపోయారు. చావు తప్పించుకుని వచ్చినవాడికి ఆ కథ చెప్పుకోకపోతే నిద్ర పట్టదు. పైగా వాళ్లలో చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు, చేయడానికి పనేమీ లేదు.

అవతలి పక్షం కూడా పిచ్చాపాటి విలువ ఎరిగినదే. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఓబరుర్సెల్‌లో జర్మన్లు మిత్రదేశాల వైమానికులను విచారించేవారు. అక్కడి హాన్స్ షార్ఫ్ యుద్ధానికి ముందు జొహానెస్‌బర్గ్‌లో వ్యాపారం చేసినవాడు. ఆయన గొంతు పెంచేవాడు కాదు, ఖైదీతో కలిసి అడవిలో నడకకు వెళ్లేవాడు. అమెరికన్ విమానాల తుపాకుల నుంచి అప్పుడప్పుడు తెల్ల ట్రేసర్ గుళ్లు ఎందుకు వస్తాయో జర్మన్లకు తెలియలేదు. ఎర్ర రంగుకు కావాల్సిన రసాయనం మీకు కరువైందటగా అని షార్ఫ్ ఒక పైలట్‌తో యథాలాపంగా అన్నాడు. కరువూ లేదు ఏమీ లేదు, తెల్ల గుండు వచ్చిందంటే తూటాలు అయిపోవచ్చాయని గుర్తు అని పైలట్ సరిదిద్దాడు. తప్పు మాట వింటే దిద్దకుండా ఉండలేని వృత్తి గర్వం రెండు వైపులా ఒకటే. యుద్ధం తర్వాత షార్ఫ్ అమెరికాలో స్థిరపడి మొజాయిక్ కళాకారుడయ్యాడు. డిస్నీ వరల్డ్‌లోని సిండ్రెల్లా కోటలో ఉన్న మొజాయిక్‌లు ఆయన పనే.

బ్రిటిష్ నివేదికలు 1996లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. 2001లో జర్మన్ చరిత్రకారుడు సోంకె నైట్జెల్ లండన్ జాతీయ ఆర్కైవ్స్‌లో వాటిని చూసి విస్తుపోయాడు. పట్టుబడ్డ జర్మన్ జనరళ్ల సంభాషణలపై ఆయన పుస్తకం 2005లో వచ్చింది. వైమానికులు, నావికులు, పదాతిసైనికుల మాటల మీద సామాజిక మనస్తత్వవేత్త హరాల్డ్ వెల్ట్‌సర్‌తో కలిసి రాసిన ‘సోల్డాటెన్’ 2011లో వెలువడింది. 1940లో అధికారులు యంత్రాల ముక్కలు ఏరుకుని అభిప్రాయాలను పక్కన పడేశారు. ఇప్పటి చదువరులు యంత్రాల పేజీలు గబగబా తిప్పేసి, ఆ పక్కన పడేసిన అభిప్రాయాల దగ్గరే ఆగుతున్నారు. వైమానికుల సంభాషణలకు పెట్టిన వరుస ఎస్.ఆర్.ఎ. మాట్లాడినవాళ్ల పేర్లు సాధారణంగా అందులో ఉండవు. ‘ఎ’ అనే అక్షరం, ఒక సంఖ్య, హోదా, నడిపిన విమానం రకం, పట్టుబడ్డ తేదీ ఉంటాయి. ఆ కింద మాటలు మొదలవుతాయి.