రెడింగ్, 1847

ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ‘సానెట్స్ ఫ్రమ్ ది పోర్చుగీస్’ మొదట 1850లో, ఆమె కవితల రెండో కూర్పులో అచ్చయింది. అయితే 1890లలో ఇంగ్లండ్ పుస్తక సేకర్తల చేతుల్లోకి ఒక పల్చటి పుస్తకం వచ్చింది. అవే సానెట్లు, ముఖపత్రం మీద ‘రెడింగ్, 1847’ అని ఉంది, ‘ప్రచురణకు కాదు’ అన్న మాటా ఉంది. అంటే అసలు కూర్పుకంటే మూడేళ్లు పాతది! దానికి తగ్గ కథ కూడా పుట్టింది. పీసాలో ఒక ఉదయం ఎలిజబెత్ రాతప్రతిని భర్త రాబర్ట్ జేబులో పెట్టి వెళ్లిపోయిందనీ, తర్వాత రెడింగ్ దగ్గర ఉండే స్నేహితురాలు మిస్ మిట్‌ఫర్డ్ వాటిని గుట్టుగా అచ్చు వేయించిందనీ విమర్శకుడు ఎడ్మండ్ గాస్ 1894లో రాశాడు. ఇంత ముచ్చటైన కథను ఎవరూ ప్రశ్నించలేదు. పుస్తకం ధర మాత్రం పెరుగుతూ పోయింది.

ఈ ముడి విప్పినవాళ్లు జాన్ కార్టర్, గ్రాహం పోలార్డ్ అనే ఇద్దరు లండన్ పుస్తక వ్యాపారులు. పరిశోధన మొదలుపెట్టేనాటికి ఇద్దరికీ ముప్పై ఏళ్లు నిండలేదు.

వాళ్లకు మొదట అనుమానం కలిగించింది, ఉండాల్సినవి లేకపోవడం. కవయిత్రి స్నేహితులకు పంచడానికే వేయించిన పుస్తకమైతే ఒక్క ప్రతి మీదైనా ఆమె సంతకం ఉండాలి కదా? లేదు. ఆమె ఉత్తరాల్లో ప్రస్తావన లేదు. పాత వేలంపాటల జాబితాల్లోనూ లేదు. దొరికిన ప్రతులన్నీ నిన్న కుట్టినట్టు కొత్తగా ఉన్నాయి. పైగా ఆ సానెట్లను తాను మొదటిసారి చూసింది 1849లో, ఇటలీలోని బాన్యీ ది లూకాలో అని రాబర్ట్ బ్రౌనింగే చెప్పాడు. అలాంటప్పుడు 1847లో అచ్చు ఎలా సాధ్యం?

ఇవి అనుమానాలే, సాక్ష్యం కాదు. ఆ సాక్ష్యం కాగితంలో దొరికింది. ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో పుస్తకాల కాగితం గుడ్డపేలికల గుజ్జుతో తయారయ్యేది. ఎస్పార్టో అనే గడ్డి 1861లో వాడకంలోకి వచ్చింది. రసాయనాల్లో ఉడికించిన కర్రగుజ్జు అంతకన్నా ఆలస్యంగా, 1874 తర్వాత వచ్చింది. రెడింగ్ పుస్తకం కాగితాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే కర్రగుజ్జు పోగులు కనిపించాయి. 1847 నాటి పుస్తకానికి అప్పటికింకా పుట్టని కాగితం! అదే తీరు పరీక్షకు టెన్నిసన్, స్విన్‌బర్న్ వంటివాళ్ల పేర్ల మీదున్న ఇలాంటి చిన్న పుస్తకాలు చాలా నిలవలేకపోయాయి.

మరి అచ్చు వేసిందెవరు? ఇక్కడ పోలార్డ్ చూపును నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. సీసపు అచ్చుల్లో ఎఫ్ అక్షరం తల, జె అక్షరం తోక దిమ్మె దాటి బయటికి పొడుచుకొచ్చేవి. యంత్రం ఒత్తిడికి అవి తరచు విరిగేవి. అందుకని తర్వాతి కాలంలో ఆ రెంటినీ దిమ్మెలోనే ఇమిడేలా పోతపోశారు. రెడింగ్ పుస్తకంలో ఉన్నవి ఈ కొత్త రకం అక్షరాలే. వాటితో పాటు ప్రశ్నార్థకం మాత్రం వేరే అచ్చుల జట్టు నుంచి వచ్చి చేరింది. ఇలాంటి కలగాపులగం రెండు ప్రెస్సుల్లో ఒకే విధంగా ఉండదు. సరిగ్గా అదే కలయిక మాథ్యూ ఆర్నాల్డ్ ‘అలారిక్ ఎట్ రోమ్’ 1893 పునర్ముద్రణలో కనిపించింది. దాని మీద ప్రెస్సు పేరు ఉంది: రిచర్డ్ క్లే అండ్ సన్స్.

ఆ ప్రెస్సువాళ్ల దగ్గర 1911కు ముందటి లెక్కల పుస్తకాలు మిగల్లేదు. కాబట్టి నకిలీ వేయించిందెవరో అక్కడ తెలియలేదు. నకిలీలో వాళ్ల తప్పూ లేదు. పాత పుస్తకాలను పాత తేదీలతోనే యథాతథంగా అచ్చు వేయడం వాళ్లకు మామూలు పని. అయితే ఆర్నాల్డ్ పునర్ముద్రణను వేయించినవాడు థామస్ జె. వైజ్. ఆ కాలపు ఇంగ్లండ్‌లో పుస్తక సేకర్తలందరికీ పెద్దదిక్కు, బిబ్లియోగ్రాఫికల్ సొసైటీకి అధ్యక్షుడిగా పనిచేసినవాడు. ఈ చిన్న పుస్తకాల నిల్వను తాను వైజ్ దగ్గరే కొన్నానని హెర్బర్ట్ గార్ఫిన్ అనే పుస్తక వ్యాపారి సాక్ష్యమిచ్చాడు. 1934లో కార్టర్, పోలార్డ్ తమ పరిశోధనను పుస్తకంగా తెచ్చారు. వైజ్‌ను నకిలీల కర్త అని ఎక్కడా నేరుగా అనలేదు, ఆధారాలు పేర్చి వదిలేశారు. వైజ్ నేరాన్ని, 1917లోనే చనిపోయిన మిత్రుడు హ్యారీ బక్స్టన్ ఫార్మన్ వైపు నెట్టాడు. 1937లో తానూ పోయాడు, తప్పు ఒప్పుకోలేదు. 1945లో వెలుగుచూసిన ఒక కాగితంతో ఇద్దరూ కలిసే చేశారని తేలింది.

అందరూ కార్టర్, పోలార్డ్‌ల పేర్లు చెబుతారు, చెప్పాల్సిందే. కానీ నాకు అంతే గౌరవం ఆంగ్ల రచయిత రస్కిన్ రచనలను 1903 నుంచి 1912 వరకు 39 సంపుటాలుగా పరిష్కరించిన ఇ. టి. కుక్, అలెగ్జాండర్ వెడర్‌బర్న్‌ల మీద ఉంది. వాళ్ల దగ్గర సూక్ష్మదర్శిని లేదు, కాగితం జోలికీ పోలేదు. ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి మాట మాటా సరిపోల్చారు. రస్కిన్ పేరు మీదున్న ‘ది క్వీన్స్ గార్డెన్స్’ అనే చిన్న పుస్తకం ముఖపత్రం మీద మాంచెస్టర్, 1864 అని ఉంది. లోపలి పాఠంలో మాత్రం రస్కిన్ 1871లో చేసిన మార్పులున్నాయి. ఏడేళ్ల తర్వాతి దిద్దుబాటు ముందే ఎలా అచ్చవుతుంది? నకిలీ అని తేల్చి తమ సంపుటంలో నమోదు చేశారు. అదే పుస్తకాన్ని వైజ్ అంతకుముందే తాను కూర్చిన రస్కిన్ గ్రంథసూచిలో అసలైనదిగా చేర్చాడు. తన నకిలీకి తానే యోగ్యతాపత్రం ఇచ్చుకున్నాడు! లోకం ఆ పెద్దమనిషి సూచిని నమ్మింది, పరిష్కర్తల గమనికను దాటేసింది. దాన్ని పట్టించుకుని ఉంటే ఈ మోసం పాతికేళ్లు ముందే బయటపడేది.

పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అందిస్తున్నవాళ్లకు ఒక విన్నపం. ఈ మోసాన్ని పట్టిచ్చిన మూడింటిలో పాఠం, అచ్చుల రూపం తెర మీదికి వస్తాయి, కాగితం రాదు. అట్టలు, ముద్రణ వివరాల పేజీ, చివరి ప్రకటనలు కూడా స్కాన్ చేయండి. పని అయిపోయిందని మూలప్రతిని మాత్రం పారేయకండి.