దామోదరం సంజీవయ్య: పెదపాడు నుంచి ముఖ్యమంత్రి పీఠం దాకా

పెదపాడు అనగానే కొల్లేటి ప్రాంతం వారికి ఏలూరు పక్కనున్న మండల కేంద్రం గుర్తొస్తుంది. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పుట్టిన ఊరు అది కాదు. అది కర్నూలును ఆనుకుని ఉన్న మరో పెదపాడు. పెద్దపాడు అని కూడా రాస్తారు.

1921 ఫిబ్రవరి 14న పేద మాల కుటుంబంలో పుట్టిన సంజీవయ్య పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. కర్నూలు మున్సిపల్ స్కూలు, అనంతపురం దత్తమండల కళాశాల, మద్రాసు లా కాలేజీ ఆయన చదువు మజిలీలు. జాతీయోద్యమం ఉధృతంగా సాగిన రోజుల్లో విద్యార్థిగా ఎదిగి, కాంగ్రెస్ రాజకీయాల్లోకి వచ్చారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో చేరారు.

1960 జనవరి 11న, 38 ఏళ్ల వయసులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. భూమిలేని పేదలకు బంజరు భూముల పంపిణీ, వృద్ధాప్య పింఛన్లు, 1961లో ఏర్పడిన అవినీతి నిరోధక శాఖ ఆ పాలనకు గుర్తులు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965 బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది.

ఆ పదవి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో కూడా చూడాలని మేము భావిస్తున్నాం. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా వెళ్లినందున ఆ కుర్చీ ఖాళీ అయింది. 1962 మార్చిలో రెడ్డి తిరిగొచ్చారు, సంజీవయ్య దిగిపోయారు. అదే ఏడాది కాంగ్రెస్ తొలి దళిత అధ్యక్షుడయ్యారు. గౌరవం పెద్దదే. కానీ భూములు పంచే అధికారం ఉన్న కుర్చీ మాత్రం చేజారింది. ఆయన పాలించింది 26 నెలలే. 1972 మేలో కన్నుమూశారు.

ఆయన పేరిట హైదరాబాద్‌లో పార్కు, విశాఖలో న్యాయ విశ్వవిద్యాలయం, కర్నూలు జిల్లాలో గాజులదిన్నె జలాశయం ఉన్నాయి. కానీ పేదలకిచ్చిన భూమి పేదల చేతిలోనే ఉందా అన్నది అసలు ప్రశ్న. అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం చేయాల్సి వచ్చిందంటేనే అవి ఎంతగా చేతులు మారాయో అర్థమవుతుంది. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకునే వీలు కల్పించింది. ఇది హక్కా, లేక ఉన్న సెంటు భూమి కూడా జారిపోయే దారా? ఊరూరా పట్టా ఎవరి పేరున ఉందో, సాగు ఎవరు చేస్తున్నారో విచారిస్తేనే జవాబు తేలుతుంది.

సంజీవయ్య తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా దళితుడు ముఖ్యమంత్రి కాలేదు. విగ్రహానికి దండ వేసే ప్రతి ఫిబ్రవరి 14న ఈ మాట కూడా చెప్పుకోవాలి.