కెర్నెల్ ఎందుకు మూగబోయింది?

మొన్న సెలవులకి రాజమండ్రి వెళ్ళినప్పుడు మేనల్లుడి ఆర్మ్ బోర్డుకి లినక్స్ ఎక్కించా. ‘బూటింగ్ ద కెర్నెల్’ అంది, అంతే, నిశ్శబ్దం! తెల్లవార్లూ జాగారం. తీరా చూస్తే కార్డులో ఉన్నది వేరే బోర్డు డీటీబీ ఫైలు.

పీసీలో ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో బయాస్ చెప్తుంది. ఇలాంటి ఆర్మ్ బోర్డుల్లో ఆ దిక్కు లేదు. అందుకే ఒకప్పుడు బోర్డుకో నంబరు, కెర్నెల్లోనే బోర్డుకో కోడు. ఆ గందరగోళం మీద 2011లో లైనస్ టోర్వాల్డ్స్ మండిపడ్డాడు. అప్పటికే పవర్‌పీసీ వాడుతున్న డివైస్ ట్రీ ఆర్మ్‌కీ వచ్చింది. హార్డ్‌వేర్ పటం డీటీబీగా బయటికెళ్ళింది. పటం తప్పైతే కెర్నెల్ నోరు విప్పలేదు. కన్సోల్ ఎక్కడుందో చెప్పేదీ ఆ పటమేగా!

ధవళేశ్వరం లాకుల దగ్గర కొత్త లస్కరుకి వేరే ఊరి కాలవల పటం ఇస్తే నీళ్ళు ఏ చేనుకెళ్తాయి? నేను చేసిందదే. తప్పు లస్కరుది కాదండీ!